ఒక్కసారి ఇవ్వరా అని అడిగితే కెమెరా చేతికి ఇవ్వలేకపోయాను: నాది తప్పేనా?

గుంటూరు_గూడబాతు
గత ఆదివారం ఉప్పలపాడు చెరువు గట్టు మీద జరిగిన ఒక చిన్న సంఘటన వారం రోజులుగా నా మనసును వదలడం లేదు. నెలనెలా చిట్టీ కట్టి, పాట పాడుకుని, ఆ డబ్బుతో కెనాన్ 90డి బాడీని, దూరపు పక్షులను దగ్గరగా చూపే సిగ్మా 150-600 కాంటెంపరరీ లెన్సును కొనుక్కున్నాను. రెండూ కలిపి రెండు లక్షలు దాటాయి. నా భార్య నగలను పక్కన పెడితే మా ఇంట్లో అంత ఖరీదైన వస్తువు మరొకటి లేదు. ఇంటర్మీడియట్ నుంచి కలిసి తిరిగిన మిత్రుణ్ణి పక్షులను చూపిస్తానని ఆ రోజు నేనే పిలిచి తీసుకువెళ్ళాను.

ఒక గూడబాతు పిల్ల తన తలను మెడ దాకా తల్లి గొంతు సంచిలోకి దూర్చి చేపలు తింటున్న సమయంలో వాడు చెయ్యి చాచి, "ఒక్కసారి ఇవ్వరా, నేనూ చూస్తాను" అన్నాడు. నాకు తెలియకుండానే నా చెయ్యి వెనక్కి పోయింది. "బరువురా, నీకు అలవాటు లేదు, తరువాత స్క్రీన్ మీద చూపిస్తాను" అన్నాను. వాడు నవ్వి ఊరుకున్నాడు కాని, తిరిగి వచ్చేటప్పుడు బండి వెనుక కూర్చుని గుంటూరు చేరేదాకా ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

ఇంకొక విషయం కూడా ఉంది. వచ్చే నెల వాళ్ళ అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కు కెమెరాను రెండు రోజులు ఇవ్వగలవా అని వాడు అంతకుముందే అడిగాడు. నేను "చూద్దాం" అని దాటవేశాను. ఇప్పుడు ఆ రెండూ కలిసి వాడి మనసులో ఒకే గాయంగా మారాయేమోనని నా భయం. మీరైతే ఏమి చేసేవారు?

పరహస్తం_వద్దు
మీరు చేసినది ముమ్మాటికీ సరైన పని. "పుస్తకం వనితా విత్తం పరహస్తగతం గతం" అని పెద్దలు ఊరికే అనలేదు; ఇతరుల చేతికి వెళ్ళినది వెళ్ళినట్టే, ఒకవేళ తిరిగి వచ్చినా చిరిగో చెడో వస్తుంది. మా పిన్ని కొడుకు గోవా ప్రయాణానికి నా లెన్సు తీసుకువెళ్ళి, ఇసుకలో తువాలు పరిచి దాని మీద పెట్టానని ఎంతో జాగ్రత్తగా ఉన్నట్టు చెప్పాడు. ఆ తువాలు నుంచే ఇసుక చేరింది. జూమ్ తిప్పితే ఇప్పటికీ విసుర్రాయి తిప్పినట్టు గరగరమంటుంది. వాడిని నేను ఏమీ అనలేదు, కాని ఆ రోజు నుంచి ఎవరికీ ఇవ్వలేదు.

తొలిక్లిక్
పక్కన నిలబడి రెండు నిమిషాలు చూడటానికి ఇవ్వడమూ, గోవాకు పంపించడమూ ఒకటి కావు కదా. చేతికివ్వడం వేరు, ఇంటికివ్వడం వేరు. ప్రశ్న అడిగినవారు కూడా ఆ రెంటినీ కలిపేశారు కాబట్టే ఇంత బాధ పడుతున్నారని నాకు అనిపిస్తోంది.

మరమ్మతు_బల్ల
కెమెరాలు బాగుచేసే పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను కాబట్టి నా బల్ల మీదకు వచ్చేవి ఎలా పాడై వస్తాయో చెబుతాను. కింద పడినవాటిలో ఎక్కువ భాగం యజమాని చేతిలో నుంచి జారినవే. ట్రైపాడ్ ప్లేటు గట్టిగా బిగించకపోవడం, బ్యాగు జిప్పు వేయకుండా భుజానికి తగిలించుకోవడం, స్ట్రాప్‌ను టేబుల్ అంచు నుంచి కిందకు వేలాడనివ్వడం వంటివే వాటికి కారణాలు. ఆ వేలాడే స్ట్రాప్ పిల్లల చేతికో కుర్చీ కోడుకో తగులుకుంటుంది.

స్నేహితుల చేతిలో జరిగే నష్టాలు వేరే రకంగా ఉంటాయి. మొదటిది, తెలియని చోట బలం వాడటం. కెనాన్ లెన్సును బిగించేటప్పుడు ముందు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపుకు తిప్పాలి. నికాన్‌కు దానికి ఎదురుగా తిప్పాలి. ఒకదానికి అలవాటు పడిన చెయ్యి రెండోదాని మీద "రావడం లేదే" అంటూ బలంగా తిప్పితే మౌంటు, అంటే లెన్సు కెమెరాకు బిగిసే చోటు, దెబ్బతింటుంది. రెండవది, పాత కెమెరాలలో వాడే కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు. కెమెరా లోపల 50 సన్నని పిన్నులు ఉంటాయి, కార్డును అడ్డంగా తోస్తే వాటిలో ఒకటి వంగుతుంది, దానిని భూతద్దం కింద సూదితో నిలబెట్టడానికి నాకు పూట పడుతుంది. మూడవది, అన్నింటికంటే బాధ కలిగించేది, సాయం చేయబోయి తుడవడం. డిఎస్‌ఎల్‌ఆర్ లోపలి అద్దానికి మన ఇంటి అద్దంలా వెనుక కాదు, ముందు వైపున పూత ఉంటుంది. దాని మీద దుమ్ము కనబడిందని చొక్కా అంచుతో ఒక్కసారి రుద్దితే పడిన గీత మళ్ళీ పోదు.

వీటిలో ఏ ఒక్కటీ మీరు పక్కన నిలబడి ఉన్నప్పుడు జరగదు. కాబట్టి నా ఉద్దేశంలో, గట్టు మీద మీ కెమెరాను వాడికి ఇచ్చి ఉంటే ప్రమాదం దాదాపు లేదు.

గుంటూరు_గూడబాతు
మరమ్మతు_బల్ల గారు చెప్పినది చదివాక ఇంకా బాధ వేసింది. నిజానికి కొన్న మూడో వారంలోనే లెన్సు హుడ్‌ను గుమ్మానికి తగిలించినది నేనే. ఆ గీత ఇప్పటికీ ఉంది.

మేడపైన_చంద్రుడు
పరహస్తం_వద్దు గారు ఉదహరించిన శ్లోకంలో పుస్తకానికీ డబ్బుకూ మధ్యన స్త్రీని కూడా ఒక వస్తువుగా చేర్చారు; దానిని ఈ రోజున మనం పెద్దల మాటగా చెప్పుకోవడం నాకు నచ్చలేదని ముందుగా చెప్పదలచుకున్నాను. ఈ అభ్యంతరం చర్చకు బయటిది కాదు, ఎందుకో చెబుతాను.

నా జీతంతో నేను కొనుక్కున్న కెమెరా అది. మా ఇంట్లో ఏ వేడుక జరిగినా మా అన్నయ్య గాని, బావ గాని వచ్చి, "ఇలా ఇవ్వమ్మా, నువ్వు వెళ్ళి చీర సర్దుకుని ఫొటోలో నిలబడు" అని నా మెడలో నుంచి తీసుకుంటారు. అడగరు. ఇవ్వాలా వద్దా అనే ప్రశ్న నా వరకు రానే రాదు. ఆ తరువాత చూస్తే ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) చీకటిలో వాడే 12800 మీద ఉంటుంది, నేను సరిచేసి పెట్టుకున్న అమరికలన్నీ పోయి ఉంటాయి, మధ్యాహ్నం ఎండలో తీసిన ఫొటోలు కూడా గరుకుగా వచ్చి ఉంటాయి. పోయిన సంక్రాంతికి మా అమ్మమ్మ ముగ్గు వేస్తుండగా నేను తీసిన ఫొటోలు చోటు చాలలేదని చెరిపివేశారు. ఆమెకు ఇప్పుడు నడుము వంగడం లేదు, ఆ ముగ్గు మళ్ళీ వేయలేదు.

వస్తువు పాడవడం ఒక నష్టం. "ఇది నీది, నీ అనుమతి కావాలి" అన్న గుర్తింపు లేకపోవడం దానికంటే పెద్ద నష్టమని నేను అనుకుంటాను. గుంటూరు_గూడబాతు గారి మిత్రుడు కనీసం అడిగాడు. అడిగినవారికి ఇవ్వవచ్చు.

పరహస్తం_వద్దు
మేడపైన_చంద్రుడు గారు, మీరు చెప్పినది నిజం. చిన్నప్పటి నుంచి విన్నది ఆలోచించకుండా రాశాను, మన్నించండి. మీ అమ్మమ్మగారి ఫొటోల విషయం చదివి మనసు కలుక్కుమంది. చెరిపివేసిన తరువాత ఆ కార్డు మీద ఇంకా ఫొటోలు తీశారా?

మేడపైన_చంద్రుడు
చోటు కోసమే చెరిపారు కాబట్టి అదే కార్డు మీద సాయంత్రం దాకా తీశారు.

మరమ్మతు_బల్ల
అలాగైతే తిరిగి రావడం కష్టం. చదువుతున్న మిగతావారి కోసం రాస్తున్నాను: పొరపాటున చెరిపినా, ఫార్మాట్ చేసినా, వెంటనే ఆ కార్డును బయటకు తీసి పక్కన పెట్టండి. కొత్త ఫొటోలు పాతవాటి చోటులో పడనంత వరకు చాలా సందర్భాలలో వాటిని రాబట్టవచ్చు. కెమెరాను ఎవరి చేతికి ఇచ్చినా ముందు మీ కార్డు తీసి జేబులో వేసుకుని, వేరే చిన్న కార్డు పెట్టి ఇవ్వండి.

బెజవాడ_పందిళ్ళు
పెళ్ళిళ్ళు, ఫంక్షన్లు తీసే వృత్తి నాది. ఇక్కడ అందరూ ఇవ్వాలా వద్దా అని ఆలోచిస్తున్నారు గాని, ఓణీల ఫంక్షన్‌కు ఆ కెమెరా పనికివస్తుందా అని ఎవరూ అడగలేదు. 90డి మీద 150 మిల్లీమీటర్ల లెన్సు పెడితే దాని సెన్సరు చిన్నది కావడం వల్ల (1.6 రెట్ల క్రాప్) అది 240 మిల్లీమీటర్లతో సమానమైన ఇరుకు దృశ్యకోణాన్ని ఇస్తుంది. పైగా ఆ సిగ్మా లెన్సు 2.8 మీటర్ల లోపల ఉన్నదాని మీద ఫోకస్ కాదు. కల్యాణ మండపంలో వేదిక ముందు నిలబడి అమ్మాయికి ఓణీ వేస్తున్న మేనమామను తీయాలంటే మీ మిత్రుడు వెనక్కి నడుస్తూ నడుస్తూ భోజనాల హాలులోకి వెళ్ళాలి, అక్కడి నుంచి కూడా చుట్టాల తలలు తప్ప ఏమీ రావు. దానితో పాటు ఆ లెన్సు అపర్చరు, అంటే వెలుగు లోపలికి వచ్చే రంధ్రం, 150 దగ్గర ఎఫ్5, 600 దగ్గర ఎఫ్6.3; ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది కాబట్టి మండపంలోని దీపాల వెలుగు చాలదు.

కాబట్టి మీ స్నేహితుడితో సూటిగా మాట్లాడండి. ఫంక్షన్‌కు ఫొటోగ్రాఫరును మాట్లాడుకున్నారా, లేక ఖర్చు తగ్గుతుందని మీ కెమెరాను అడిగారా అన్నది తెలుసుకోండి. రెండోదే అయితే, వాడకం తెలియని మనిషి చేతిలో మంచి కెమెరా ఉన్నంత మాత్రాన మంచి ఫొటోలు రావని, ఆ రోజు మళ్ళీ రాదని స్నేహితుడిగా చెప్పవలసిన బాధ్యత మీదే.

ఇంకొక మాట. కొందరు షట్టరు అరిగిపోతుందని ఇవ్వరు. 90డి షట్టరును కంపెనీ 1,20,000 క్లిక్కుల వరకు పరీక్షించినట్టు చెబుతుంది. మీ మిత్రుడు వచ్చినప్పుడల్లా 200 ఫొటోలు తీసినా ఆ లెక్క నిండాలంటే 600 ఆదివారాలు పడుతుంది, అంటే పదకొండేళ్ళకు పైమాటే. నేను ఒక్క ముహూర్తానికే మూడు వేలు దాటిస్తాను. ఆ భయం పెట్టుకోకండి.

తొలిక్లిక్
భోజనాల హాలు దాకా వెళ్ళినవాడు ఎలాగూ ఒక విస్తరి వేయించుకుని వస్తాడు, ఆ కష్టం ఊరికే పోదు.

చెట్టుకింద_ప్లీడరు
ఇంటికి పంపించే విషయంలో చట్టం ఏమి చెబుతుందో తెలిసి ఉండటం మంచిది. మన భారత కాంట్రాక్టు చట్టం, 1872లో ఒక వస్తువును ఒక పని కోసం మరొకరికి అప్పగించి, పని తీరాక తిరిగి తీసుకోవడాన్ని బెయిల్‌మెంట్ అంటారు. 148వ సెక్షన్ నుంచి దాని వివరం ఉంటుంది. 151వ సెక్షన్ ప్రకారం, తీసుకున్న మనిషి ఆ వస్తువును, అదే పరిమాణమూ నాణ్యతా విలువా ఉన్న తన సొంత వస్తువును ఒక సాధారణ వివేకం గల మనిషి ఎలా చూసుకుంటాడో అలా చూసుకోవాలి. అంత శ్రద్ధ తీసుకున్నా కూడా నష్టం జరిగితే, వేరే ఒప్పందం లేనంత వరకు అతని బాధ్యత లేదని 152 చెబుతుంది. కాని మీరు ఓణీల ఫంక్షన్‌కని ఇస్తే, అతను దానిని సముద్రతీరానికి తీసుకువెళ్ళి అక్కడ పాడైతే, ఎంత జాగ్రత్తగా వాడినా 154 ప్రకారం నష్టం భరించవలసినవాడు అతనే.

ఇచ్చేవారికి కూడా బాధ్యత ఉంది. 150వ సెక్షన్ ప్రకారం మీకు తెలిసిన లోపాలను ముందే చెప్పాలి. లెన్సు రింగు ముందే వదులుగా ఉంటే ఆ మాట చెప్పకుండా ఇచ్చి, తరువాత అతని మీద వేయడం అన్యాయం. డబ్బు తీసుకోకుండా ఇచ్చిన వస్తువును గడువుకు ముందే తిరిగి అడిగే హక్కు 159 మీకు ఇస్తుంది. అయితే మీ మాట నమ్మి అతను ఏర్పాట్లు చేసుకుని ఉండి, ముందే వెనక్కి ఇవ్వడం వల్ల అతనికి కలిగే నష్టం పొందిన ప్రయోజనాన్ని మించితే, ఆ మించిన మేరకు మీరు భర్తీ చేయాలి. అందుకే "చూద్దాం" అన్న మాట ఇద్దరికీ మంచిది కాదు. ఇస్తానని గాని, ఇవ్వలేనని గాని ఫంక్షన్‌కు చాలినంత ముందుగా చెప్పాలి.

పాత_120_ఫిల్ము
ప్లీడరు గారు చెప్పినది తెలుసుకోదగినదే కాని, ఇరవై ఏళ్ళ స్నేహం మీద సెక్షన్లు పెడితే కెమెరా భద్రంగా ఉంటుంది, మనిషి ఉండడు. నేను కొంచెం వివరంగా తరువాత రాస్తాను.

చెట్టుకింద_ప్లీడరు
నేను వాటిని మిత్రుడి ముందు చదవమనలేదు. నా దగ్గరకు వచ్చే గొడవలలో చాలా భాగం, ముందుగా ఒక్క మాట స్పష్టంగా అనుకోకపోవడం వల్ల వచ్చినవే. చట్టం రాసిపెట్టినది కూడా నిజానికి మర్యాదనే.

విశాఖ_ఉప్పుగాలి
ఇంటికి ఇవ్వడంలో పడిపోవడం కంటే నెమ్మదిగా జరిగే నష్టం ఒకటి ఉంది, దానిని ఇంతవరకు ఎవరూ ప్రస్తావించలేదు. జూలైలో నా సహోద్యోగి అరకు వెళుతూ రెండు రోజులకని నా లెన్సు తీసుకున్నారు. తిరిగి వచ్చాక మొహమాటం కొద్దీ నేను అడగలేదు, మరచిపోయి ఆయన ఇవ్వలేదు. అలా ఐదు వారాలు అది తోలు సంచిలో, బట్టల బీరువాలో ఉండిపోయింది. వెనక్కి వచ్చాక టార్చి వేసి చూస్తే లోపలి గాజు అంచున సాలెపురుగు గూడు వంటి సన్నని పోగులు కనిపించాయి. ఫంగస్. శుభ్రం చేయించాను కాని, అది అప్పటికే పూతను తినివేసిన చోట మచ్చ అలాగే ఉండిపోయింది.

తీరంలో ఉండేవారికి ఇది రోజూ ఉండే బెడద. గాలిలో తేమ 40 నుంచి 50 శాతం మధ్యన ఉండే పెట్టెలో లెన్సులను ఉంచుకోవాలి. డ్రై క్యాబినెట్ కొనలేకపోతే మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్ పొట్లాలు, చిన్న తేమ మీటరు చాలు. తోలు సంచిలో మాత్రం ఎప్పుడూ దాచకండి, తోలు తేమను పట్టి ఉంచుతుంది. తప్పు ఆయనది ఎంతో నాదీ అంతే. గడువు తీరిన మర్నాడే వెళ్ళి తెచ్చుకుని ఉంటే లెన్సు దక్కేది.

డల్లాస్_కొబ్బరిచెట్టు
ఇక్కడ కొన్న కెమెరాను రెండేళ్ళ క్రితం సెలవులకు వచ్చినప్పుడు మా మేనల్లుడికి వదిలి వెళ్ళాను. దాని వారంటీ కొన్న దేశంలో తప్ప వర్తించదని, నేను తీసుకున్న బీమా కూడా వస్తువు నా దగ్గర ఉన్నంత వరకే పనిచేస్తుందని తరువాత కాగితాలు చదివితే తెలిసింది. అదృష్టం కొద్దీ ఏమీ కాలేదు. ఎవరికైనా ఇచ్చే ముందు ఆ రెండు కాగితాలూ ఒకసారి చదవండి.

కొత్తపేట_కుర్రాడు
నాకూ ఒక సందేహం. పోయిన వారం మా రూమ్మేటు నా కెమెరాతో పది నిమిషాలు ఫొటోలు తీశాడు. అప్పటి నుంచి వ్యూఫైండరులో చూస్తే అంతా మసకగా కనిపిస్తోంది. కింద పడేశాడేమోనని అడగాలంటే ఇబ్బందిగా ఉంది. లెన్సు పాడై ఉంటుందా?

మరమ్మతు_బల్ల
వాడిని ఏమీ అడగవద్దు, ముందు ఇది చేయండి. వ్యూఫైండరులో దృశ్యాన్ని కాకుండా అడుగున కనిపించే అంకెలను చూడండి. అంకెలు కూడా మసకగా ఉంటే లెన్సుకు ఏమీ కాలేదు. వ్యూఫైండరు పక్కన, దానిని మన కంటి చూపుకు తగ్గట్టు సరిచేసుకోవడానికి ఉండే చిన్న డయాప్టరు చక్రం తిరిగింది, అంతే. అంకెలు పదునుగా కనబడేదాకా దానిని తిప్పండి. అంకెలు స్పష్టంగా ఉండి ఫొటోలు మాత్రమే మసకగా వస్తే, అప్పుడు లెన్సును అనుమానించాలి.

కొత్తపేట_కుర్రాడు
అంకెలే మసకగా ఉన్నాయి. తిప్పాను, సరిపోయింది. నాలుగు రోజులుగా వాడితో ముభావంగా ఉన్నాను. ఈ రాత్రి వాడికి బిర్యానీ తెస్తాను.

పాత_120_ఫిల్ము
ఇందాక రాస్తానన్నది ఇదే. 1983లో నేను పదో తరగతి తప్పి, మా ఊరి స్టూడియోలో పనికి చేరాను. యజమాని దగ్గర ఒక యాషికా మ్యాట్ 124జి ఉండేది. రెండు లెన్సుల కెమెరా అది. మెడలో వేసుకుని, పొట్ట దగ్గర పట్టుకుని, తల వంచి పైనుంచి గాజు మీద చూడాలి. అందులో కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తాయి, మనిషి కుడికి జరిగితే బొమ్మ ఎడమకు జరుగుతుంది. 120 ఫిల్ములో ఉండేవి 12 ఫొటోలే, వాటిలో ఒకటి చెడినా ఆయన రాబడిలో కోత పడేది. ఆ స్టూడియోలో కెమెరా కంటే విలువైనది ఏదీ లేదు, అది పోతే ఆయనకు బతుకు తెరువు లేదు.

చేరిన ఆరో రోజున ఆయన నన్ను పిలిచి, చేతులు కడుక్కుని రమ్మని, తువాలుతో తడి తుడుచుకున్నాక ముందు స్ట్రాప్ నా మెడలో వేశారు. స్ట్రాప్ మెడలో పడిన తరువాతే కెమెరాను నా చేతిలో వదిలారు. తీసుకునేటప్పుడు కూడా అంతే. ముందు కెమెరాను తన రెండు చేతులతో పట్టుకుని, ఆ తరువాత నా మెడ నుంచి స్ట్రాప్ తీసేవారు. "ఒకరి చేతిలో నుంచి ఒకరి చేతికి మారేటప్పుడే పడుతుందిరా, చేతిలో ఉన్నప్పుడు కాదు" అనేవారు. నేను ఆ వేళ తీసిన మొదటి ఫొటోలో ఎదురింటి ఆవు తల సగం పోయింది. ఆయన దానిని కూడా కడిగి, ప్రింటు వేసి, నాకు ఇచ్చారు. ఆ పని నాకు ఆ తరువాత ముప్పై ఎనిమిది ఏళ్ళు అన్నం పెట్టింది.

గుంటూరు_గూడబాతు గారు, మీ మిత్రుడు అడిగినది కెమెరాను కాదని నాకు అనిపిస్తోంది. ఆ పక్షిని మీరు ఎలా చూస్తున్నారో అలా చూడాలని అడిగాడు. పక్షులను చూపిస్తానని తీసుకువెళ్ళినది మీరే కదా. చెయ్యి వెనక్కి పోవడం వాడు చూశాడు. మీరు చెప్పిన బరువు మాట వాడికి వినబడి ఉండదు.

బెజవాడ_పందిళ్ళు
పెద్దాయన చెప్పిన స్ట్రాప్ పద్ధతికి ఒక చిన్న చేర్పు. 150-600 లాంటి బరువైన లెన్సు దాదాపు రెండు కిలోలు ఉంటుంది. దానికి స్ట్రాప్‌ను కెమెరా బాడీ నుంచి కాకుండా లెన్సు కింద ఉండే ట్రైపాడ్ కాలరుకు తగిలించండి, లేకపోతే బరువంతా మౌంటు మీద పడుతుంది. మీ మిత్రుడికి కూడా ఎడమ చేతిని ఆ కాలరు కింద పెట్టి పట్టుకోవాలని ముందే చూపించండి. ఇక 90డి మోడ్ డయలు మీద మనకు కావలసిన అమరికలు దాచుకోవడానికి సి1, సి2 అనే స్థానాలు ఉన్నాయి. సి1లో వేగంగా ఎగిరే పక్షులకు సరిపోయే అమరికలు భద్రపరచి ఇస్తే వాడు ఏ మీటా నొక్కవలసిన పని ఉండదు, మీ అమరికలు మీకు ఉంటాయి.

పరహస్తం_వద్దు
నేను ఇంటికి ఇవ్వకూడదన్న మాట మీదే ఉన్నాను. కాని పక్కన నిలబడి చేతికివ్వడం వేరని ఒప్పుకుంటున్నాను. ఇన్నేళ్ళుగా మా పిన్ని కొడుకు మీద కోపాన్ని అందరి మీదా చూపించానేమో.

గుంటూరు_గూడబాతు
అందరికీ జరిగినది చెప్పాలని వచ్చాను. పాత_120_ఫిల్ము గారి మాటలు చదివిన రాత్రే వాడి ఇంటికి వెళ్ళాను. నేను చెప్పబోతుంటే వాడు "వదిలెయ్యరా" అన్నాడు కాని, వదలకుండా చెప్పాను. పడిపోతుందని భయపడ్డాను, నువ్వు అజాగ్రత్త మనిషివని కాదు, నాకే ఇంకా అలవాటు కాలేదు అన్నాను. ఓణీల ఫంక్షన్ సంగతి కూడా మాట్లాడుకున్నాము. ఖర్చు తగ్గుతుందనే వాడు కెమెరా అడిగాడట. చుట్టాల అబ్బాయి తీస్తానన్నాడని నమ్మి ఫొటోగ్రాఫరును మాట్లాడలేదు. బెజవాడ_పందిళ్ళు గారు చెప్పిన 2.8 మీటర్ల లెక్క వాళ్ళ హాలులోనే టేపు పెట్టి చూపిస్తే వాడికి అర్థమైంది. మర్నాడే ఫొటోగ్రాఫరుకు అడ్వాన్సు ఇచ్చాడు. నేను 50 మిల్లీమీటర్ల ఎఫ్1.8 లెన్సు ఒకటి అద్దెకు తీసుకుని, ఆ రోజు ఇంటి వాళ్ళనూ పిల్లలనూ తీస్తాను. కెమెరాతో పాటు నేనూ వెళుతున్నాను.

నిన్న ఆదివారం మళ్ళీ ఉప్పలపాడు వెళ్ళాము. నా కార్డు జేబులో వేసుకుని, 16 జీబీ కార్డు పెట్టి, డయలును సి1 మీద ఉంచి, ముందు స్ట్రాప్ వాడి మెడలో వేశాను. వాడి ఎడమ చెయ్యి కాలరు కింద సర్దుకునేదాకా నా చెయ్యి తీయలేదు. వాడు కన్ను పెట్టి, "ఏమీ కనబడటం లేదురా, అంతా మంచులా ఉంది" అన్నాడు. నా గుండె ఆగినంత పని అయింది. అప్పుడు మరమ్మతు_బల్ల గారు చెప్పిన చక్రం గుర్తుకు వచ్చింది. వాడికి మైనస్ రెండు కళ్ళజోడు ఉంది, దానిని తీసి పక్కన పెట్టి చూస్తున్నాడు. నా స్థానం దగ్గర పెన్సిలుతో ఒక గీత పెట్టుకుని, చక్రం తిప్పుకోమన్నాను. రెండు క్షణాల తరువాత వాడు "ఓరి" అన్నాడు, ఆ తరువాత చాలా సేపు ఏమీ అనలేదు.

43 ఫొటోలు తీశాడు. చాలా వాటిలో ఖాళీ ఆకాశమే ఉంది, ఒకదానిలో ఎర్రకాళ్ళ కొంగ రెక్క చివర మాత్రం పడింది. ఆ ఒక్కటీ ప్రింటు వేయడానికి ఇచ్చాను. చక్రం దగ్గర ఇప్పుడు రెండు గీతలు ఉన్నాయి.

మరమ్మతు_బల్ల
పెన్సిలు గీత చెమటకు రెండు వారాలలో చెరిగిపోతుంది. సన్నని తెల్ల పెయింటు పెన్ను దొరుకుతుంది, దానితో పెట్టుకోండి. 90డి డయాప్టరు మైనస్ 3 నుంచి ప్లస్ 1 వరకు వస్తుంది కాబట్టి మీ మిత్రుడికి ఇబ్బంది లేదు.

మేడపైన_చంద్రుడు
మా బావకు ఈ చర్చ పంపించాను. నిన్న సాయంత్రం మొదటిసారిగా "కెమెరా ఒకసారి ఇస్తావా?" అని అడిగారు. నేను ముందు కార్డు తీసుకున్నాను, తరువాత ఇచ్చాను.